గోల్ గీత మీద సున్నం

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లు ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. అందరూ పీడీ సార్ అనేవాళ్లు. నా అసలు పేరు తెలిసినవాళ్లు కాలేజీలో పదిమంది కూడా ఉండరేమో. రిటైరై మూడేళ్లయింది. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి సార్ అని అడుగుతుంటారు. కాఫీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తుంటాను. చెప్పాల్సిన అసలు మాట మాత్రం ఇన్నాళ్లూ దాచిపెట్టుకున్నాను. ఏసురత్నం అనే గోల్ కీపర్ పేరు పదేళ్లుగా మా ఊళ్లో చెడిపోయి ఉంది. దాన్ని చెడగొట్టింది వాడు కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

పని అంటే నేల

పీడీ అంటే మెడలో విజిల్ వేసుకుని తిరిగేవాడని లెక్చరర్లు అనుకుంటారు. కాలేజీలో సభ జరిగితే మైకు సంగతి చూడమంటారు, మంత్రిగారు వస్తే పిల్లల్ని వరసలో నిలబెట్టమంటారు. ఇంగ్లీషు చెప్పేవాడికి ఉన్న గౌరవం మనకు ఉండదు. చేరేముందే ఈ సంగతి తెలుసుకుంటే మంచిది, లేకపోతే చేరిన ఏడాదికే మొహం మాడ్చుకుని తిరుగుతారు.

అసలు పని గ్రౌండు. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం కాలు దూరేటంత నెర్రెలు విచ్చేది, వాన పడితే బూటు ఊడివచ్చేంత బురద అయ్యేది. రాజకీయ సభ జరిగిన మరుసటి రోజు షామియానా గుంజలు పాతిన గుంతలన్నీ వెతికి పూడ్చాలి. ఒక్కటి మిగిలినా ఎవడో ఒకడి మడమ మెలిపడుతుంది. పల్లేరు కాయలు ఏరాలి, మేకల్ని తోలాలి. ఇవన్నీ చేసి, చివర్న దారం లాగి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో ముగ్గుపిండి పోసి తట్టుకుంటూ గీతలు గీయాలి. ఆ గీతలు గీసేటప్పుడు నాకు భలే సంతోషంగా ఉండేది.

ఈ పని నాకు నేర్పింది నరసింహులు సార్. నాకన్నా ముందు ఆ కాలేజీలో పీడీ. నేను చేరాక రెండేళ్లు ఆయన కింద పనిచేశాను. ముక్కోపి, నోరు తెరిస్తే తిట్లే. ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. ముగ్గుపిండి బస్తా విప్పగానే చిటికెడు తీసి, డబ్బా మూతలో నీళ్లు చల్లి, జేబులోంచి పసుపు పొట్లం తీసి కాస్త కలిపేవాడు. పచ్చగానే ఉంటే పిండి. ఎర్రబడితే అందులో సున్నం ఉన్నట్టు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా కలుపుతారో ఇళ్లలో అందరికీ తెలిసిందే, అదే లెక్క. సున్నంతో గీసిన గీతల మీద పిల్లలు పడితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపే పోతుంది అనేవాడు.

"గీత తెల్లగుందా లేదా అని జనం చూస్తారు. దాని మీద ఎవడు పడతాడో నువ్వు చూడల్ల" అని ఒకసారి అన్నాడు.

ఆయన రిటైరైన తర్వాత నేను ఆ అలవాటు రెండు మూడేళ్లు పాటించి వదిలేశాను. పిండి ఎప్పుడూ ఒకే అంగడి నుంచి వచ్చేది, ఎప్పుడూ పచ్చగానే ఉండేది. తర్వాత తర్వాత అదొక నవ్వులాటగా మారింది. ప్రాక్టీసు అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, మా గురువు ముగ్గుపిండికి పేరంటం చేసేవాడని, పసుపు పెట్టి తాంబూలం ఒక్కటే తక్కువ చేసేవాడని చెబితే పకపకా నవ్వేవాళ్లు. పిల్లలు నవ్వుతుంటే మనకూ హుషారుగా ఉంటుంది. మనకు పని నేర్పినవాళ్లను నవ్వులపాలు చేసి పిల్లల దగ్గర మార్కులు కొట్టేయకండి.

నమ్మడానికి లేని టీము

రాష్ట్రం రెండైన తర్వాత రెండో ఏడు చుట్టుపక్కల పీడీలం కలిసి కాలేజీల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెట్టుకున్నాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఇంకో మూడు ఊళ్లు. ఒక్కొక్కరు మిగతా అందరితో వాళ్ల ఊళ్లో ఒకసారి, మన ఊళ్లో ఒకసారి ఆడాలి. పైన నిలిచిన ఇద్దరికి ఫైనల్.

మా పక్క క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎవడు చూస్తాడని అందరూ అన్నారు. కానీ ఆ ఏడు జనం వచ్చారు. కారణం మా టీమే. బాగా ఆడినందుకు కాదు, ఎప్పుడు ఎలా ఆడతారో దేవుడికి కూడా తెలియనందుకు. మొదటి మ్యాచ్‌లో పులివెందుల వాళ్లు మా ఊరికి వచ్చి మమ్మల్ని నాలుగు గోల్స్‌తో చితక్కొట్టి పోయారు. వారం తిరక్కముందే ఎవరూ ఓడించలేరనుకున్న టీమును మావాళ్లు మూడు గోల్స్‌తో ఓడించారు. ఆ తర్వాత అందరికన్నా కింద ఉన్న టీము చేతిలో ఓడిపోయారు, అదీ మా సెంటర్ బ్యాక్ మా గోల్‌లోనే తన్నుకున్న బంతితో.

గ్రౌండు ఎదురుగా మహబూబ్ బాషా పంక్చర్ అంగడి ఉండేది. మా బంతులకు ప్యాచులు వేసేది కూడా అతనే. ఆ అంగడి ముందున్న బెంచీయే మా అభిమానుల సంఘం. కలమల్ల పవర్ ప్లాంటులో పనిచేసే ఓబులేసు, డ్యూటీ లేని రోజున తనలాంటి ఆరేడుగురిని ఆటోలో ఎక్కించుకుని వచ్చేవాడు. పులివెందుల వాళ్లతో రెండో ఆటకు వాళ్ల ఊరికి పోయే రోజు బాషా అంగడి మూసి బండి తీస్తూ, "ఈ టీమును నమ్ముకోని అంత దూరం పోతాండా. గెలుస్తాదో లేదో నాకూ తెలీదు, మీకూ తెలీదు సార్" అన్నాడు.

ఆ రోజు గెలిచాం. ఒకటి సున్నా. ఆఖర్లో పులివెందుల వాళ్లకు పెనాల్టీ దొరికితే, మా గోల్ కీపర్ ఏసురత్నం కుడివైపు పాములా సాగి వేలికొసతో బయటికి తోసేశాడు. బాషా గ్రౌండులోకి పరుగెత్తి వాణ్ణి ఎత్తుకున్నాడు. తిరిగివచ్చేటప్పుడు సింహాద్రిపురంలో ఆగి, ఓబులేసు వాడికి తన చేత్తో మిరపకాయ బజ్జీలు తినిపించాడు.

రత్నానిది జమ్మలమడుగు. వాళ్ల తాతల కాలంలో మిషన్ దొరల దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్న కుటుంబం. తండ్రి చనిపోయాడు, తల్లి ఒక స్కూల్లో ఆయాగా పనిచేసేది. రోజూ బస్సులో వచ్చి చదువుకునేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. పోలీసు ఉద్యోగం వాడి కోరిక. తెల్లారి పెన్నా ఇసుకలో పరుగెత్తి, ఆ తర్వాత బస్సెక్కేవాడు.

చివరికి ఫైనల్‌కు మేమూ, జమ్మలమడుగు వాళ్లూ వచ్చాం. వాడి ఊరితోనే వాడి ఆట. అప్పటికి అదొక సరదా మాట అంతే.

ఫైనల్ పొద్దున

ఫైనల్ మా గ్రౌండులో. ముఖ్య అతిథిగా ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడు. కాలేజీ గోడలకు వారం నుంచీ వెల్ల వేస్తున్నారు. ముందురోజు వాన కుమ్మేసింది. పొద్దున పోయి చూస్తే గ్రౌండు మీద ఒక్క గీత లేదు. స్టోర్ రూమ్‌లో పైకప్పు కారి, మా ముగ్గుపిండి ముద్దలు కట్టుకుపోయింది. అంగళ్లు తెరవడానికి ఇంకా చాలా టైముంది. అటెండర్ ఇంకో మూలనుంచి ఒక బస్తా లాక్కొచ్చి, ఇది కూడా పిండే సార్ అన్నాడు. దాని పక్కనే వెల్ల వేసేవాళ్ల బ్రష్షులు, బకెట్లు ఉన్నాయి.

విప్పి చూస్తే మరీ తెల్లగా ఉంది. మామూలు పిండి కాస్త బూడిద రంగు కొడుతుంది. నాకు అనుమానం వచ్చింది. క్యాంటీన్ యాభై అడుగుల దూరం. అక్కడ పసుపు ఉంటుంది. పోలేదు. అది సున్నమని తెలిస్తే ఇంకో బస్తా కోసం ఊరంతా తిరగాలి, ముఖ్య అతిథి వచ్చేసరికి గీతలు ఉండవు. తెలియక చేశానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. తెలుసుకోవడం ఇష్టం లేక చేశాను.

గీతలు గీయడం అయ్యాక నా వేళ్ల సందుల్లో చురుక్కుమంది. చేతులు కడుక్కుని డ్రెస్ మార్చుకోవడానికి పోయాను. నల్లటి బురద మీద గీతలు ధగధగ మెరుస్తున్నాయని ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు.

మొదటి సగంలో జమ్మలమడుగు వాళ్లు కార్నర్ కొడితే, గుంపు మధ్యలోంచి రత్నం బంతి మీదికి దూకి, మొహం నేలకేసి గోల్ గీత మీద పడ్డాడు. బంతి మాత్రం వదల్లేదు. లేచి మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. హాఫ్ టైంలో నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఎడమ కన్ను మండుతాంది. తెరిచేకి కావడం ల్యా."

నాకు వెంటనే తెలిసింది. తెలియలేదంటే ఇది రాసి ప్రయోజనం లేదు. అప్పుడే వాణ్ణి కూర్చోబెట్టి అరగంట సేపు నీళ్లు పోసి, డాక్టర్ దగ్గరికి పంపించాలి. రెండో గోల్ కీపర్ బూట్లు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. కానీ గ్రౌండు చుట్టూ జనం, షామియానాలో నాయకుడు. చెంబుడు నీళ్లు మొహాన కొట్టి, టవల్‌తో రుద్ది, ఇంకో నలభై ఐదు నిమిషాలు ఓర్చుకోరా అన్నాను. వాడు తల ఊపి పోయాడు. నేను ఏం చెప్పినా తల ఊపే పిల్లవాడు వాడు.

ఆట ముగియడానికి కొద్దిసేపుంది అనగా, వాళ్ల హాఫ్ బ్యాక్ దూరం నుంచి ఊరికే ఒక బంతి తన్నాడు. దొర్లుకుంటూ వచ్చింది. చిన్నపిల్లలు కూడా ఆపుతారు దాన్ని. రత్నం ఆలస్యంగా కదిలి, బంతి లేని చోటికి దూకాడు. అది వాడి ఎడమ పక్కనుంచి మెల్లగా లోపలికి పోయింది.

ఒకటి సున్నా. జమ్మలమడుగు గెలిచింది.

 తర్వాత ఎవరో అన్నారు, వాళ్ల ఊరికి వదిలేశాడని. గ్రౌండు ఒక చుట్టు తిరిగేసరికి అది ఖాయమైపోయింది. చెప్పులు పడ్డాయి. కులం పేరు, మతం పేరు పెట్టి కూడా తిట్టారు. వారం కిందట వాణ్ణి ఎత్తుకుని తిరిగినవాళ్లే. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

సరే సార్

సాయంత్రం కంటి డాక్టర్ చూసి, ఇది సున్నం కాల్చిన గాయమని, వెంటనే బాగా కడిగి ఉంటే ఇంత కాకపోయేదని చెప్పాడు. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలిపోయింది. ఎడమ కంటికి వెలుగూ నీడా తప్ప పెద్దగా ఏమీ తెలియదు.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ పిలిచాడు. చెడ్డవాడు కాదు, నా మేలు కోరినవాడే. "సున్నం అన్న మాట బయటికి రానివ్వకండి. మీకూ మంచిది కాదు, కాలేజీకీ మంచిది కాదు. మట్టి పడిందని చెప్పండి" అన్నాడు. పై అధికారి మన తప్పును కప్పిపెడతానంటే మనకు ప్రాణం లేచొస్తుంది. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా భయపడాల్సింది అలాంటి అధికారి దగ్గరే. నా మీద కోపం తెచ్చుకున్న ప్రిన్సిపాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల వల్ల నాకు జరిగిన నష్టం ఏమీ లేదు.

నేను జమ్మలమడుగు పోయి రత్నాన్ని కలిశాను. కంటికి కట్టుతో గుమ్మంలో కూర్చున్నాడు. సున్నం సంగతి ఎవరితోనూ అనొద్దురా అన్నాను. వాడు ఒక్క నిమిషం నా వైపు చూసి, సరే సార్ అన్నాడు.

తర్వాత వాడు పోలీసు సెలక్షన్లకు పోయాడు. పరుగులో, దూకడంలో అందరికన్నా ముందున్నాడు. కంటి పరీక్షలో ఆపేశారు. ఆ సంగతి కూడా నాకు వేరేవాళ్లు చెబితే తెలిసింది. వాడెప్పుడూ మళ్లీ మా గ్రౌండుకు రాలేదు.

బాషా అంగడి ముందర

ఆ ఫైనల్ జరిగి పదేళ్లయిందని మొన్న ఓబులేసు అందరికీ ఫోన్లు చేశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బాషా అంగడి ముందు పదిహేనుమంది పోగయ్యారు. నాకు శాలువా కప్పారు. ఎవరి జ్ఞాపకాలు వాళ్లు చెప్పుకున్నారు. సొంత గోల్ కొట్టుకున్న సెంటర్ బ్యాక్ ఇప్పుడు బట్టల అంగడి పెట్టుకున్నాడు, ఆ గోల్ గురించి వాడే చెప్పి వాడే నవ్వాడు. పులివెందుల పెనాల్టీ దగ్గరికి వచ్చేసరికి మాట తగ్గింది. ఆపింది ఎవరో ఎవరూ అనలేదు.

చివరికి ఓబులేసు అన్నాడు. "ఆ గోల్ ఒగటి వదిలిపెట్టకపోయింటే కప్పు మన ఊర్లోనే ఉండేది. వాళ్ళూరోళ్ళకు ఇచ్చేసినాడు."

పదేళ్లలో ఈ మాట ఆ బెంచీ మీద నేను ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ గ్లాసులోకి చూస్తూ టీ తాగేవాణ్ణి. ఆ రోజు భుజం మీద శాలువా ఉంది. అది ఉంచుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"వాడు వదిలేయలేదు ఓబులేసూ. ఆ బాల్ వానికి కనపడలేదు. కనపడకుండా చేసింది నేను" అన్నాను. బస్తా, గీతలు, టవల్, ప్రిన్సిపాల్, రత్నం గుమ్మం, అన్నీ చెప్పాను. శాలువా తీసి మడిచి బెంచీ మీద పెట్టాను.

 ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. బాషా చేతిలో ఉన్న ట్యూబును కింద పెట్టి, నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"పదేండ్లుగా ఈడనే కూర్చోని మాతో టీ తాగుతాంటివి కదా సార్. ఒగ మాట చెప్పేకి ఇన్ని దినాలు పట్టిందా?"

ఓబులేసు తల పట్టుకున్నాడు. జమ్మలమడుగు బస్టాండులో ఒకసారి రత్నం వాళ్లమ్మ ఎదురైతే, ఆమె మొహం మీదే ఆ మాట అన్నాడట. ఆమె బస్సెక్కి పోయిందట.

పసుపు పొట్లం

మరుసటి రోజు నేను, బాషా, ఓబులేసు జమ్మలమడుగు పోయాం. రత్నం ఇప్పుడు అక్కడ ఒక స్కూల్లో ఆటల టీచరు. మేము పోయేసరికి గ్రౌండులో దారం లాగి మేకులు కొడుతున్నాడు. మమ్మల్ని చూసి, రాండి సార్ అన్నాడు. మనిషి లావెక్కాడు. ఎడమ కంట్లో మచ్చ అలాగే ఉంది. మాట్లాడేటప్పుడు మొహం కొంచెం ఎడమకు తిప్పి కుడి కంటితో చూస్తున్నాడు.

ఓబులేసు వాడి రెండు చేతులూ పట్టుకుని, తప్పయిపోయిందప్పా అన్నాడు. రత్నం చేతులు వెనక్కి తీసుకోలేదు.

"ఆ బాల్ నాకు రెండుగా కనపడె అన్నా. యాది పట్టుకోవాల్నో తెలీక నడిమధ్యన దూకినా" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు, "మీ ఊర్లో తిట్టినారు, అది పోనీ. మా ఊర్లో మెచ్చుకున్నారు చూడు, అది శానా కష్టమైంది. చర్చికాడ భుజం తట్టి, మన ఊరిని గెలిపించినావప్పా అనిరి. కాదంటే నవ్వినారు. మా అమ్మ వాళ్ళతో మాట్లాడేదే మానుకునె."

ఆ సంగతి నాకు తెలియదు. పదేళ్లలో ఎప్పుడూ నా ఊహకు కూడా రాలేదు.  నువ్వన్నా నిజం చెప్పి ఉండొచ్చు కదరా అన్నాను. ఎంత సిగ్గుమాలిన మాటో అన్నాకగానీ తెలియలేదు.

"మీరు చెప్పొద్దంటిరి కదా సార్" అన్నాడు.

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. క్షమించమని అడగడానికే అంత దూరం పోయాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను. నేను చేసింది తప్పు రత్నం, నిన్న అందరి ముందూ చెప్పాను, ఇంకా చెబుతాను అని మాత్రం అన్నాను. సాయంత్రం వాళ్లమ్మ ముందు కూడా చెప్పాలన్నాను. సరే సార్ అన్నాడు, పది నిమిషాల్లో పని ముగించుకుని వస్తానన్నాడు.

గోల్ పోస్టు దగ్గర కొత్త బస్తా ఉంది. దారం విప్పి, చిటికెడు పిండి తీసి డబ్బా మూతలో వేశాడు. సీసాలోంచి కాసిని నీళ్లు పోశాడు. జేబులోంచి మడతలు పడిన కాగితం పొట్లం తీసి, అందులోని పసుపు చల్లి వేలితో కలిపాడు. కుడి కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. పచ్చగానే ఉంది. మూత నా వైపు చాపాడు, నన్ను కూడా చూడమన్నట్టు. నేను చూశాను.

"ఆ పొద్దు మీరు ఈ సంగతి చెప్తే టీమంతా నవ్వినాం సార్. నేనూ నవ్వినా" అన్నాడు.

తర్వాత డబ్బాలో పిండి పోసుకుని, గోల్ గీత మీద వంగి తట్టుకుంటూ పోయాడు. దారం రెండో కొస నేను పట్టుకున్నాను.